తాంబరమున కాపురము తగునా?

చెన్నపురిలో ఉద్యోగములును వృత్తులును చేసికొనుచున్న తెలుగు కుటుంబములలో నేడొక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. త్యాగరాయనగరముననో, మైలాపురముననో, నుంగంబాక్కముననో అద్దె యిండ్లలో ఇరువది ముప్పది యేండ్లు గడపినవారు, ఉద్యోగవిరమణ సమీపించుటచేతనో, పిల్లలు ఎదిగి యిల్లు చాలకపోవుటచేతనో, కూడబెట్టిన ధనము వెచ్చించి నగరము చివర ప్రశాంతమైన తావున ఒక యిల్లు కొనవలెనని తలచుచున్నారు. దక్షిణ దిక్కున అట్లు తలచువారి నోట మొదట వచ్చు పేరు తాంబరము. చెట్లున్నవి, గాలి యున్నది, రైలున్నది, వెల కొంత తక్కువ యని వారు చెప్పుదురు. ఆ మాటలలో నిజము లేకపోలేదు. కాని యిల్లు కొనుట యనగా కోక కొనుట కాదు. నచ్చనిచో మరునాడు అంగడికి పోయి మార్చుకొనుటకు వీలులేదు. జీవితకాలపు ఆదా ఒక్క సంతకముతో చేయి దాటును. బ్యాంకి అప్పు మరి పదునైదు ఇరువది యేండ్లు వెంటాడును. కావున తాంబరము ఎట్టి చోటు, ఎవరికి తగును, ఎవరికి తగదు అను విషయమును నిదానముగా విచారించుట అవసరము.

పేరు పొందిన గాలి

తాంబరమునకు ఆరోగ్యస్థానమను పేరు నిన్న మొన్న వచ్చినది కాదు. 1928లో డాక్టరు చౌరీముత్తుగారు క్షయరోగులకై యిచ్చట సానటోరియము నెలకొల్పిరి. క్షయకు తగిన మందు కనుగొనబడని దినములవి. నిర్మలమైన గాలి, ఎండ, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే నాటి చికిత్స. అట్టి చికిత్సకు తగినదని యెన్నుకొనబడిన నేల యిది. 1937లో ప్రభుత్వము ఆ సంస్థను స్వాధీనము చేసికొనెను. నేడది ఊపిరితిత్తుల వ్యాధులకు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రియై యున్నది. ప్రక్క రైల్వే స్టేషనుకు ఆ పేరే నిలిచినది. ఆ 1937వ సంవత్సరముననే మద్రాసు క్రైస్తవ కళాశాల జార్జిటవును ఇరుకు విడిచి తాంబరమునకు తరలివచ్చెను. మన సర్వేపల్లి రాధాకృష్ణగారు చదివినది పాతచోటనున్న ఆ కళాశాలలోనే. మూడు వందల యెకరములకు మించిన క్రొత్త ఆవరణలో ఎడ్వర్డు బార్న్సు అను రసాయనశాస్త్రాచార్యుడును ఆయన భార్య ఆలిసును శ్రద్ధతో చెట్లు పెంచిరి. ఆ చిట్టడవి నేటికిని ఊరికి ఊపిరి పోయుచున్నది.

అయినను 1928 నాటి గాలియే నేడు వీచుచున్నదని అనుకొనరాదు. జి.యస్.టి. రోడ్డు మీద దక్షిణదేశపు లారీలు, బస్సులు పగలు రేయి యను భేదము లేక పోవుచుండును. సానటోరియము ప్రక్కననే 1984లో ఎగుమతి పారిశ్రామిక మండలి యేర్పడెను. 2021లో తాంబరము, పల్లావరము, పమ్మల్, అనకాపుత్తూరు, సెంబాక్కము మునిసిపాలిటీలును వాని నడుమనున్న పట్టణ పంచాయతీలును కలిసి తాంబరము కార్పొరేషనుగా మారెను. అనగా నేడు తాంబరము నగరమునకు తోక కాదు. అదియే యొక నగరము. పల్లెటూరి శాంతిని కోరి యిచ్చటికి వచ్చువారు ఈ సంగతిని మొదటనే మనసున నిలుపుకొనవలెను.

నిశ్శబ్దము ఎందువలన?

ప్రశాంతత స్థలమునకు శాశ్వతగుణము కాదు. త్యాగరాయనగరమే యిందుకు సాక్షి. 1920లలో పెద్ద చెరువు నెండబెట్టి ఆ నేలను వీధులుగా తీర్చి, జస్టిసు పార్టీ నాయకులైన పిట్టి త్యాగరాయచెట్టిగారి పేరు పెట్టిరి. నడుమనున్న తోటకు పానుగంటి రామారాయణింగారి బిరుదనామముతో పానగల్ పార్కు అని పేరు వచ్చెను. ఇద్దరును తెలుగువారే. అప్పుడది పట్టణమునకు వెలుపలి పేట. చెట్లనీడను పెద్ద లోగిళ్లు గలది. నేడు పండుగదినములలో రంగనాథన్ వీధిన అడుగుపెట్టుటకు చోటుండదు. కావున ‘ఈ వీధి యెంత నిశ్శబ్దముగా నున్నది!’ అని ముచ్చటపడుటకు ముందు, ‘ఇది యెందుచేత నిశ్శబ్దముగా నున్నది?’ అని ప్రశ్నించుకొనవలెను.

నిశ్శబ్దమునకు మూడు కారణములుండవచ్చును. మొదటిది, ప్రక్కన ఇండ్లు కట్టుటకు వీలులేని భూమి యుండుట. కళాశాల ఆవరణ, వైమానిక దళపు స్థావరము, నన్మంగళము అడవి యిట్టివి. ఇట్టి శాంతి చాలకాలము నిలుచును. వైమానిక స్థావరము ప్రక్క నుండదలచువారు మాత్రము రెండు విషయములు గమనింపవలెను: శిక్షణ విమానముల మ్రోత యొకటి, కట్టడముల యెత్తుపై నిర్బంధము రెండవది. రెండవ కారణము, ప్రక్క స్థలములు ఇంకను ఖాళీగా నుండుట. ఈ శాంతికి ఆయువు తక్కువ. నేడు వెన్నెల కనబడు కిటికీకి ఎదురుగా రేపు అయిదంతస్తుల గోడ లేచును. మూడవ కారణము అన్నిటికంటె ప్రమాదకరమైనది. రోడ్డు లేకయో, మురుగు పోవు త్రోవ లేకయో, వానకాలమున నీరు నిలుచుటచేతనో జనులు రాక ఆ చోటు నిశ్శబ్దముగా నుండవచ్చును. అట్టి నిశ్శబ్దమును వెలపెట్టి కొనువాడు ఇతరులు వద్దన్న కష్టమును కొనుక్కొన్నవాడగును.

రాకపోకలు

రైలు విషయమున తాంబరము అదృష్టము గల ఊరు. బీచి స్టేషను మొదలు తాంబరము వరకు విద్యుత్తు రైలు 1931లోనే నడచెను. ఆ నాటి చిన్నపట్టాల మార్గము తరువాత పెద్దపట్టాలుగా మారినది. నేడు సుమారు ముప్పది కిలోమీటర్ల యీ దూరమునకు గంటకు కొంచెము అటునిటుగా పట్టును. హైకోర్టుకు పోవు న్యాయవాదికిని, కోట ప్రక్క కార్యాలయములకు పోవు ఉద్యోగస్థునికిని ఒక్క బండి చాలును. మాంబళము ఈ దారిలోనే యున్నది గనుక, త్యాగరాయనగరమున తెలుగు సభకు పోయి రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. స్వదేశమునకు పోవలెనన్న చార్మినారు ఎక్స్‌ప్రెసు తాంబరము నుండియే హైదరాబాదునకు బయలుదేరుచున్నది. కాకినాడ పోవు సర్కారు ఎక్స్‌ప్రెసుకును ఇదియే దారి. ముసలి తల్లిదండ్రులను సెంట్రలు స్టేషను జనసమ్మర్దమున నడిపింపవలసిన పని లేకుండుట చిన్న లాభము కాదు.

అయితే రైలున్న ఊరనుటకును రైలు ప్రక్క ఇల్లనుటకును భేదము చాల యున్నది. ప్రకటనలలో ‘తాంబరము స్టేషనుకు పది నిముషములు’ అని వ్రాయుదురు. ఆ పది నిముషములు ఆదివారము తెల్లవారుజామున మోటారుకారుకు పట్టు కాలము. సోమవారము ఉదయము ఎనిమిదిన్నరకు క్యాంపురోడ్డు కూడలి దాటి స్టేషను చేరుటకు పట్టు కాలము వేరు. పాత మహాబలిపురపు రోడ్డున కంప్యూటరు కంపెనీలలో పనిచేయువారికి రైలు అక్కరకు రాదు. వారు మేడవాక్కము మీదుగా రోడ్డున పోవలసినదే. 2023 డిసెంబరు చివర కిలాంబాక్కమున క్రొత్త బస్సు నిలయము తెరవబడుటచే దక్షిణపు ఊర్లకు పోవువారికి మేలు కలిగెను, జి.యస్.టి. రోడ్డు మీద రద్దీయును పెరిగెను. మెట్రో రైలు 2016లో విమానాశ్రయము వరకు వచ్చెను. అచ్చట నుండి కిలాంబాక్కము వరకు పొడిగింతురను మాట యున్నది. ఇల్లమ్మువాడు ఆ మాటకు వెలకట్టి అడుగును. మాట మీద బండి నడవదు. నడచునపుడు సంతోషింతము, అంతవరకు దానిని లెక్కలోనికి తీసికొనరాదు.

పల్లము, మేడు

అన్ని విచారములలోను ఇదియే ముఖ్యమైనది. చెన్నపురి వానలు ఈశాన్య ఋతుపవనముతో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చును. సంవత్సరమంతటికిని ఇచ్చట కురియు వాన సుమారు 140 సెంటీమీటర్లు. 2015 డిసెంబరు 2వ తేదీ ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో ఒక్క తాంబరముననే 49 సెంటీమీటర్లు కురిసెను. ఏడాది వానలో మూడవ వంతునకు మించినది ఒక్క దినమున పడినదన్నమాట. పడమటి తాంబరమునకు ఆవలనున్న ముడిచ్చూరు, వరదరాజపురము పేటలలో మేడమీదికెక్కి కూర్చున్నవారిని పడవలపై దింపవలసివచ్చెను.

ఆ యేటి వరద యంతయు చెంబరంబాక్కము చెరువు తలుపు లెత్తుటచేతనే వచ్చినదని సామాన్యుల నమ్మకము. డిసెంబరు 1న ఆ చెరువునుండి 29,000 క్యూసెక్కుల నీరు విడిచిన మాట నిజమే. దిగువనున్న నగరభాగములకు దానివలన కలిగిన నష్టము అపారము. కాని చెంబరంబాక్కపు మిగులునీరు అడయారునదిలో కలియునది తిరునీర్మలై చెంత. ముడిచ్చూరు, వరదరాజపురములు అంతకు ఎగువన ఉన్నవి. అచ్చటి ముంపునకు కారణము ఆదనూరు, మణ్ణివాక్కము మొదలగు చెరువుల అలుగునీరు ఒక్కసారిగా వచ్చి పడుటయు, ఆ నీరు పోవలసిన దారిలో ఇండ్లు లేచుటయును. కనుక ‘పెద్ద చెరువు తలుపులు ఈసారి జాగ్రత్తగా ఎత్తుదురు, ఇక భయము లేదు’ అను దళారి మాటను ఆ పేటలలో నమ్మరాదు. 2015 పిదప కాలువలు త్రవ్విరి, నదిని వెడల్పు చేసిరి. అయినను 2023 డిసెంబరు మొదటి వారమున మిచాంగ్ తుపానునకు ఆ ప్రాంతములలో మరల నీరు ప్రవేశించెను.

తూర్పు తాంబరము నీరు వేరొక దారిని పోవును. సేలయూరు, రాజకీళ్‌పాక్కము, సెంబాక్కము చెరువులు గొలుసువలె ఒకదానికొకటి అందించుకొనుచు పళ్లికరణై చిత్తడినేలకు నీటిని చేర్చును. ఒకప్పుడు వేల హెక్టార్లుగా నుండిన ఆ నేల కట్టడములచేతను చెత్తకుప్పలచేతను కుంచించుకొనిపోయెను; 2022లో దానికి రాంసారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయమైన గుర్తింపు లభించెను. గొలుసులో ఒక చెరువు పూడినచో దాని నీరు వీధులలోనికి వచ్చును. తెలుగుదేశమున చెరువు క్రింద వ్యవసాయము చేసిన కుటుంబములవారికి ఇది చెప్పవలసిన పని లేదు. అలుగు దిక్కెటు, కాలువ యెటు పోవుచున్నది అని చూడక పొలము కొనని మన తాతలు, చెరువు దిగువ ఇల్లు కొనుమన్న ఒప్పుకొందురా? ఊరి పేర్లును కొంత చెప్పును. తమిళమున ఏరి యనగా చెరువు, తాంగల్ అనగా చిన్న చెరువు, పళ్లమనగా మన పల్లమే, మేడనగా మెట్ట. పేరులో నీరున్న చోట నేలలోను నీరుండునని యెంచి మరింత జాగరూకతతో విచారింపవలెను.

విచారించుటకు మార్గము సులభము. పాలవానిని, ఇస్త్రీవానిని, ఆటోవానిని అడుగుడు: 2015లో నీరెంతవరకు వచ్చినది, 2023లో ఎంతవరకు వచ్చినది? వారికి ఇల్లు అమ్మవలసిన అవసరము లేదు గనుక నిజము చెప్పుదురు. పాత గోడలపై మరకలు చూడుడు. ప్రక్కయింటి గడప వీధికంటె ఎంత యెత్తున్నదో చూడుడు. మెట్లు మూడుండవలసినచోట ఏడున్నచో కట్టినవానికి ఏదో తెలిసియే కట్టినాడని గ్రహింపుడు.

త్రాగునీరు

డిసెంబరున పడవ కావలసిన ఊరే మేనెలలో బిందె పట్టుకొని నిలుచును; చెన్నపురి నీటికథ యిట్టిది. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందము ప్రకారము మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు ఒక్కొక్కటి అయిదేసి టి.యం.సి.ల కృష్ణాజలమును విడుచుటకు ఒప్పుకొనెను. దారిఖర్చు పోగా పండ్రెండు టి.యం.సి.లు నగరమునకు చేరవలెను. నెల్లూరి సీమలోని కండలేరు నుండి పూండికి ఆ నీరు 1996లో మొదట వచ్చెను. అట్లుండియు 2019 వేసవిలో నగరపు నాలుగు జలాశయములును ఎండి, జోలార్‌పేట నుండి రైలుబండ్లపై నీరు తేవలసివచ్చెను. శివారు పేటలు అప్పుడు బోరునీటి మీదను ట్యాంకరు లారీల మీదను ఆధారపడెను.

కావున ఇల్లు చూడబోయినపుడు చలువరాళ్లను కాక నీటిని మొదట చూడవలెను. కార్పొరేషను కొళాయి ఉన్నదా, ఎన్ని దినముల కొకసారి వచ్చును? బోరు ఎన్ని అడుగులు? ఏప్రిలు, మే నెలలలో లారీకి ఎంత ఖర్చైనది? ఈ కడపటి ప్రశ్నకు సమాధానము ఆ యింటి సంఘపు లెక్కల పుస్తకములో దొరకును. మురుగు భూగర్భ కాలువలోనికి పోవునా, సెప్టికు ట్యాంకులోనికి పోవునా యనునది యెల్ల వీధులకు ఒక్కటి కాదు. వీధి వీధికిని విచారింపవలెను. సెప్టికు ట్యాంకు బోరుకు దగ్గరగా నున్నచో త్రాగునీటికి ముప్పు. ఈ విషయమున చిట్లపాక్కము వారు మెచ్చదగినవారు. 2019 కరవున వారు తమ చెరువు పూడిక తీయుటకు తామే పారలు పట్టుకొని దిగిరి. పౌరులు ఇట్లు మేల్కొన్న పేటలో ఇల్లు కొనుట, అందమైన ద్వారములున్న నిద్రపోవు పేటలో కొనుటకంటె మేలు.

పత్రములు

తెలుగువారు ఇచ్చట పొరబడుటకు అవకాశమున్న విషయమిది. పట్టా, చిట్టా, అడంగలు మనకును తెలిసిన మాటలే గాని, తమిళమున వ్రాసిన పాత దస్తావేజును చదువలేక అమ్మువాడు చెప్పిన అర్థమును నమ్మువారు గలరు. అట్లు చేయరాదు. తమిళము చక్కగా చదువగల, అమ్మువానితో సంబంధము లేని న్యాయవాదిచేత కనీసము ముప్పది యేండ్ల లింకు దస్తావేజులను చదివింపవలెను. బ్యాంకి అప్పిచ్చినది గనుక అన్నియు సరిగానే యుండునని తృప్తిపడరాదు. బ్యాంకి తన యప్పును చూచుకొనును, మీ నేలను మీరు చూచుకొనవలెను. సర్వే నంబరు పాత రికార్డులలో ఏరి పోరంబోకుగాని కాలువ పోరంబోకుగాని యైనచో, ఎంత తక్కువ వెలకిచ్చినను వెనుదిరుగవలెను. లేఅవుటుకును కట్టడమునకును అనుమతి యున్నదా, కట్టినది అనుమతి ప్రకారము కట్టిరా యని చూడవలెను. అపార్టుమెంటులో కొనువారు తమ పేర రిజిస్టరగు అవిభక్త భూభాగమెంతయో తెలిసికొనవలెను. గోడలకు ముప్పది నలుబది యేండ్ల వయసు వచ్చిన పిదప విలువ నిలుచునది ఆ భూమికే.

పిల్లల చదువు, ఇంటిభాష

ప్రశాంతమైన పేటకు పోవుటలో తెలుగువారికి ప్రత్యేకముగా వచ్చు నష్టమొకటి గలదు. త్యాగరాయనగరమున మేడ మీదనో క్రిందనో తెలుగువారుందురు. కేసరి పాఠశాల, ఆంధ్ర సాంఘిక సాంస్కృతిక సంఘము, తిరుపతి దేవస్థానమువారి ఆలయము నడకదూరమున నుండును. దూరపు పేటకు పోయిన కుటుంబమున, తల్లిదండ్రులు తప్ప తెలుగు మాటాడువారు పిల్లల చెవికి కరవగుదురు. 2006 నాటి చట్టము ప్రకారము తమిళనాట పదవ తరగతి వరకు తమిళము నేర్చుట విధి. తమిళము నేర్చుట మంచిదే. ఉన్న ఊరి భాష రానివాడు ఎన్ని యేండ్లున్నను అతిథియే. దానితోపాటు తెలుగు నేర్పు బడి యేది, ఐచ్ఛికముగానైనను తెలుగు పంతులున్నారా యని ఇల్లు కొనుటకు ముందే విచారింపవలెను, తరువాత కాదు.

తాంబరము చుట్టునుగల చెంగల్పట్టు సీమలో తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు గలవు. 2011 జనాభా లెక్కలలో తమిళనాట నూటికి ఆరుగురికి కొంచెము తక్కువగా తెలుగు మాతృభాషగా చెప్పుకొనిరి. కాని వీరిలో చాలమందికి ఇంట మాటయే గాని అక్షరము లేదు. అక్షరము పోయిన రెండు తరములకు మాటయును సన్నగిల్లును. నగరము నుండి పోవు విద్యావంతులైన కుటుంబములు ఆదివారము ఒక గంట తమ పిల్లలతోపాటు ప్రక్కయింటి పిల్లలకును అక్షరములు దిద్దించినచో, వలస పోవుట నష్టము కాక లాభమే కాగలదు. ఇందుకు పెద్ద సంఘము అక్కరలేదు. ఒక వసారా, ఒక పలక చాలును.

నిర్ణయమెట్లు?

రైలుమార్గమున పని గలవారికి, స్టేషనుకు నడచిపోగల దూరమున మెట్టనేల మీద ఇల్లు దొరికినచో, తాంబరము తగిన చోటు. తెల్లవారుజామున కళాశాల చెట్లగాలి, పిల్లలకు చదువులు, పెద్దలకు ఆసుపత్రులు, ఊరికి పోవుటకు బండి, అన్నియు చేరువనున్నవి. పని వేరొక దిక్కున నున్నవారు దినమునకు మూడు గంటలు రోడ్డుపాలు చేసికొని రాత్రి ఎనిమిది గంటలకు అనుభవించు నిశ్శబ్దమునకు అంత వెల యిచ్చుట తగదు. పిల్లలు విదేశమున నుండగా వృద్ధదంపతులు మాత్రమే నివసింపదలచినచో, ఎంత యందమైనదైనను చివరి వీధిలోని విడియిల్లు వలదు. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినపుడు ప్రక్కతలుపు తట్టుటకు మనిషియు, పది నిముషములలో చేరు ఆసుపత్రియు నున్నచోటనే వారు ఉండవలెను. నదికిని చెరువు అలుగునకును దిగువనున్న ఇల్లు ఎవరికిని తగదు.

ఈ విచారమంతయు చేసిన పిదపను సందేహము మిగులును. దానికొక ఉపాయము గలదు. కొనుటకు ముందు అదే వీధిలో ఒక యేడు అద్దెకుండవలెను. అక్టోబరులో చేరినచో మొదట వాన, పిదప వేసవి, రెండును కంటబడును. సోమవారపు రైలు, మేనెల కొళాయి, అర్ధరాత్రి వీధి, ప్రక్కయింటివారి మాటతీరు, అన్నియు తెలియును. ఈలోపల వెల పెరుగునని దళారి తొందరపెట్టును. పెరుగవచ్చును. పెరిగిన వెల కొంత నష్టము మాత్రమే; నీట మునిగిన ఇల్లు, చెల్లని పట్టా పూర్ణనష్టము. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అనిరి పెద్దలు. మన కాలమున ఇల్లు కట్టుటకంటె కొనుటయే యెక్కువ గనుక, ముందు ఉండి చూచి తరువాత కొనుట మేలు.